విమానం ప్లాన్‌తో పాటు దాని సవరణలూ చేతికందాలి

సంపాదకులకు నమస్కారం.

సొంతంగా విమానమో హెలికాప్టరో తయారుచేసిన యువకుల గురించి మన పత్రికల్లో తరచుగా వార్తలు వస్తుంటాయి. వాటిని చదివినప్పుడల్లా ఆ కుర్రాళ్ల పట్టుదల చూసి ముచ్చటేస్తుంది. అయితే వాళ్లు ఏ ప్లాన్ చూసి కట్టారు, ఆ ప్లాన్ ఎప్పటిది, గీసిన తరువాత అందులో ఏయే తప్పులు బయటపడ్డాయి, వాటిని ఎవరు సరిదిద్దారు అన్న వివరాలు ఆ వార్తల్లో దాదాపు ఎక్కడా కనబడవు. విమానాల నిర్వహణ విభాగంలో ఉద్యోగం చేసి విరమణ పొందిన నాకు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాలనిపించేది ఆ వివరాలే. ఇంట్లో కట్టుకునే విమానాల ప్లాన్లను కొందరు ఔత్సాహికులు ఉమ్మడిగా భద్రపరిచి, ఎప్పటికప్పుడు సవరిస్తూ, ఇంటర్‌నెట్ ద్వారా అందరికీ అందిస్తున్నారు. ఈ పని ఎంత విలువైనదో, ఎంత జాగ్రత్తగా చేయవలసినదో మీ పాఠకులకు వివరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

2021 ఆగస్టులో మన ఆదిలాబాద్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో, ఫుల్‌సావంగి అనే గ్రామంలో, వెల్డింగ్ పనిచేసుకుని బతికే 24 ఏళ్ల యువకుడు తాను తయారుచేసిన హెలికాప్టర్‌ను నేల మీదే నిలిపి పరీక్షిస్తుండగా, తిరిగే రెక్క విరిగి తలకు తగిలి ప్రాణాలు కోల్పోయాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇనుమును అతికించడం తెలిసిన చేతులు అతనివి. లేనిది ఆ చేతులకు దారి చూపే డ్రాయింగు. ఆ రెక్కను ఏ లోహంతో చేయాలి, ఎంత వేగానికి మించి తిప్పకూడదు, పరీక్షించేటప్పుడు మనిషి ఎక్కడ ఉండాలి, ఇంతకుముందు ఇలాంటి యంత్రంలో ఏ భాగం ఎందుకు విరిగింది అని చెప్పే కాగితం ఒక్కటైనా అతని దగ్గర ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఎవరం చెప్పలేం. కానీ అలాంటి కాగితాలు ప్రపంచంలో ఉన్నాయనీ, వాటిలో కొన్నింటికి డబ్బు కూడా కట్టనక్కరలేదనీ మన ఊళ్లలోని అటువంటి యువకులకు తెలియజెప్పవలసిన బాధ్యత మనందరిదీ.

కర్మాగారంలో తయారైన విమానం విషయంలో తప్పు దిద్దుకునే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది. ప్రపంచంలో ఏ మూలనైనా ఒక భాగంలో పగులు కనబడితే తయారీదారు దాన్ని సరిదిద్దే సూచనలతో సర్వీస్ బులెటిన్ జారీ చేస్తాడు. ప్రమాదకరమైనదైతే ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ అనే తప్పనిసరి ఆదేశం ఇస్తుంది. ఆ రకం విమానం నడిపే ప్రతి ఒక్కరూ గడువులోగా ఆ పని చేయించి, లైసెన్సున్న ఇంజినీరు చేత లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకోవాలి. మేము హ్యాంగర్‌లో వాడే మాన్యువల్ మొదట్లోనే ఏ పేజీ ఏ తేదీన సవరించినదో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. చేతిలో ఉన్న పేజీ తేదీ ఆ పట్టికలోని తేదీతో కలవకపోతే ఆ పేజీ చూసి స్పానర్ పట్టుకోకూడదు. చదువుకున్న వాళ్లు కూడా దీన్ని కాగితాల పనిగా కొట్టిపారేయడం నేను విన్నాను. ఎన్నో ప్రాణాలు పోయాక తేలిన సంగతులు ఆ తేదీల వెనక ఉన్నాయి.

ఇంట్లో కట్టే విమానానికి ఈ ఏర్పాటు దానంతటది రాదు. అమెరికా నిబంధనల ప్రకారం విమానంలో ఎక్కువ భాగాన్ని చదువు కోసమో వినోదం కోసమో తానే కట్టుకున్న మనిషే దానికి తయారీదారు. అతనికి బులెటిన్ పంపవలసిన బాధ్యత చట్టరీత్యా ఎవరిదీ కాదు. ప్లాన్ గీసిన డిజైనరు బాధ్యత తెలిసినవాడైతే పంపుతాడు. ఆయన వ్యాపారం మూసుకున్నా, కాలం చేసినా ఆ తీగ అక్కడితో తెగిపోతుంది. అమ్ముడైన ప్లాన్లు మాత్రం అటకల మీద, పాత కాగితాల దుకాణాల్లో, ఇప్పుడైతే ఎవరో స్కాన్ చేసి పెట్టిన ఫైళ్లలో, అలాగే మిగిలిపోతాయి.

ప్లాన్‌ను ఉచితంగా పంచే సంప్రదాయం విమానంతో పాటే పుట్టింది. బ్రెజిల్‌కు చెందిన సాంటోస్ డ్యూమాంట్ పారిస్‌లో తయారుచేసిన డెమొయిసెల్ అనే చిన్న విమానానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా కట్టుకోవచ్చని డ్రాయింగులు ఇచ్చేశాడు. 1910లో ఒక అమెరికా సాంకేతిక మాసపత్రిక వాటిని అచ్చువేసింది. ఆ ఔదార్యం ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. కానీ అచ్చయిన డ్రాయింగులో లోపం ఉంటే ఏమవుతుందో పాతికేళ్ల తరువాత ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రి మిన్యే విమానం లోకానికి చూపించింది.

మిన్యే 1933లో ఎగరేసిన విమానం చూడటానికి చాలా చిన్నది. ఒకదాని వెనక ఒకటిగా రెండు రెక్కలు. ముందు రెక్కనే పైకీ కిందికీ వంచి ముక్కును లేపడం, దించడం. మామూలు వడ్రంగం తెలిసినవాడు ఇంట్లో కట్టుకోగలిగినంత సులువైన నిర్మాణం. మరుసటి ఏడాది దాన్ని కట్టే విధానమంతా పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం వేలల్లో అమ్ముడై, ఫ్రాన్స్‌లోనూ బ్రిటన్‌లోనూ షెడ్లలో, ఇళ్ల వెనక దొడ్లలో ఎందరో దాన్ని కట్టడం మొదలుపెట్టారు. 1935, 36 సంవత్సరాల్లో వరసగా ప్రాణాలు తీసే ప్రమాదాలు జరిగాయి. అన్నీ ఒకే తీరు: ముక్కు కిందికి వాలిన విమానం మళ్లీ పైకి లేవలేదు. ఫ్రాన్స్‌లోని షాలే మ్యూడాన్‌లోనూ, ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలోనూ ఉన్న పెద్ద గాలి సొరంగాల్లో అసలు విమానాన్నే పెట్టి పరీక్షించాక కారణం తేలింది. రెండు రెక్కల మధ్య సందు ఇరుకు కావడం వల్ల, ఒక కోణానికి మించి ముక్కు వాలినప్పుడు పైలట్ కర్రను వెనక్కి లాగి ముందు రెక్కను పైకి వంచితే, ఆ సందులోంచి దూసుకొచ్చే గాలి వెనక రెక్కనే ఇంకా బలంగా ఎత్తేది. దాంతో తోక లేచి ముక్కు మరింత కిందికే ఉండిపోయేది. పైలట్ చేయవలసిన పనే చేశాడు, విమానమే అతని మాట వినలేదు. 1936లో బ్రిటన్ దానికి అనుమతులు ఇవ్వడం ఆపేసింది. లోపాన్ని సరిదిద్దిన డిజైన్లు ఆ తరువాత వచ్చాయి, ఆ వంశపు విమానాలు నేటికీ ఎగురుతున్నాయి. కానీ పుస్తకం కొన్న వేలమందిలో ఎవరెవరు ఎక్కడ ఆ పాత కొలతలతోనే రెక్కలు కడుతున్నారో తెలుసుకునే మార్గం, వాళ్లందరికీ ఒకేసారి కబురు పంపే మార్గం ఆ రోజుల్లో లేవు. ఈ రోజు ఉన్నాయి. ఉన్నవాటిని సరిగా వాడుకోవాలన్నదే నా మనవి.

సరిగా వాడుకున్న ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాకు చెందిన బర్ట్ రుటాన్ 1979లో లాంగ్ ఈజీ అనే రెండు సీట్ల విమానాన్ని ఎగరేశాడు. ఆగకుండా, ఇంధనం మళ్లీ నింపుకోకుండా 1986లో భూమిని చుట్టివచ్చిన వాయేజర్‌ను డిజైన్ చేసింది కూడా ఆయనే. లాంగ్ ఈజీకి వెనక తోక ఉండదు. ముక్కు దగ్గర కనార్డ్ అనే చిన్న రెక్క, వెనక పెద్ద రెక్క, ఆ వెనక ఇంజను, ప్రొపెల్లర్ ఉంటాయి. అచ్చులు అవసరం లేకుండా ఫోమ్ దిమ్మలను రెక్క ఆకారంలో కోసి, పైన ఫైబర్ గ్లాసు బట్టను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి కట్టే పద్ధతి దీనిది. దీని ప్లాన్లు డ్రాయింగుల కట్ట మాత్రమే కావు. ఏ పని తరువాత ఏ పని, ఏ పని ఎలా చేయాలి అని ఉపాధ్యాయుడు దగ్గర కూర్చుని చెప్పినట్టుగా అధ్యాయాలుగా రాసిన పాఠాలు. వాటికి తోడు ఆయన సంస్థ ఒక న్యూస్‌లెటర్ నడిపింది. ప్లాన్‌లో దొరికిన ప్రతి పొరపాటును, ఎగురుతున్న విమానాల్లో కనబడిన ప్రతి లోపాన్ని, జరిగిన ప్రమాదాన్ని అందులో ప్రచురించేవారు. ప్రతి సవరణకూ ఒక స్థాయి ఉండేది: ఇది చేసేదాకా ఎగరవద్దు, ఇది తప్పనిసరి, చేస్తే మంచిది, ఇష్టమైతే చేసుకోండి, ఇది గమనిక మాత్రమే, ఇది అచ్చుతప్పు. ఇన్ని మెట్లు ఎందుకని అడగవచ్చు. అన్నిటినీ ఒకే గొంతుతో చెబితే, రంగు మార్చమన్న సలహా పక్కనే రెక్క బిగించే బోల్టు మార్చమన్న హెచ్చరిక కూడా కలిసిపోతుంది, చదివేవాడు రెండింటినీ దాటేస్తాడు.

1985లో రుటాన్ సంస్థ ప్లాన్లు అమ్మడం ఆపేసింది. ప్రమాదం జరిగితే డిజైనరు మీద కోర్టులో వేసే దావాల ముప్పు అందుకు ఒక ముఖ్య కారణం. అప్పటికే కొన్నవాళ్లకు సహాయం కొనసాగింది గానీ, కొత్తగా కట్టదలచినవాడికి దారి మూసుకుపోయింది. అతనికి దొరికేది ఎవరో సగం కట్టి వదిలేసిన ప్లాన్, లేదా నకలుకు నకలు. అందులో ఏళ్ల తరబడి న్యూస్‌లెటర్లలో వచ్చిన సవరణలు ఎక్కించి ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. ఈ పరిస్థితిలో లాంగ్ ఈజీ కట్టేవాళ్లే కొందరు పూనుకొని, ప్లాన్లను, టెంప్లేట్లను (భాగాలను కోయడానికి అసలు కొలతలో గీసిన ఆకారాలను) కంప్యూటర్‌లో తిరిగి సిద్ధం చేసి, న్యూస్‌లెటర్లలో చెల్లాచెదురుగా ఉన్న సవరణలను వాటి వాటి చోట్ల చేర్చి, ఓపెన్ ఈజీ పేరుతో ఇంటర్‌నెట్‌లో అందుబాటులో ఉంచారు.

సవరణలను చేర్చడం ఎంత ముఖ్యమో చెప్పడానికి కనార్డ్ ఒక్కటి చాలు. మొదటి ప్లాన్‌లోని కనార్డ్ ఆకారానికి ఒక బలహీనత ఉండేది. వాన చినుకులు దాని మీద పడితే ఆ నున్నని ఉపరితలం మీద గాలి ప్రవాహం చెదిరి, ఎత్తే శక్తి కొంత తగ్గి, ముక్కు కిందికి వాలేది. పైలట్లు దీన్ని గమనించి తెలియజేశారు. 1980ల మధ్యలో జాన్ రోంజ్ అనే నిపుణుడు వానలోనూ తీరు మారని కొత్త ఆకారాన్ని రూపొందించాడు. కాబట్టి లాంగ్ ఈజీ ప్లాన్ అని ఎవరైనా ఒక ఫైలు పంపితే, అందులోని కనార్డ్ పాతదా కొత్తదా అన్నది మొదటి పేజీ చూసి తెలియదు. పాత కనార్డ్ ఉన్నా కొత్తది ఉన్నా ప్లాన్ పేరు ఒకటే. తెలియక పాతది కట్టుకున్నవాడికి తన విమానం స్వభావం మొదటి వానలో గానీ తెలియదు.

ఇక కొలతల సంగతి. ఈ విమానం రెక్కను కోసే పద్ధతి చూసినవాళ్లకు టెంప్లేటు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కాగితం మీది ఆకారాన్ని గట్టి పలక మీద అతికించి కోసి, ఫోమ్ దిమ్మ రెండు చివర్లా ఒక్కొక్కటి మేకులతో బిగిస్తారు. టెంప్లేటు మీద గీసిన మట్టపు గీతకు స్పిరిట్ లెవెల్ ఆనించి రెండు చివర్లూ ఒకే మట్టంలో ఉన్నాయని చూసుకుంటారు. విద్యుత్తుతో వేడెక్కిన తీగను ఇద్దరు మనుషులు చెరొక కొన పట్టుకుని టెంప్లేట్ల అంచు వెంట లాగుతారు. అంచు పొడవునా అంకెలు వేసి ఉంటాయి. ఒకరు ఆ అంకెలు పైకి చదువుతూ ఉంటే రెండోవారు అదే సమయానికి తన వైపు అదే అంకె మీద ఉండాలి. అలా అయితేనే వేరువేరు పొడవులున్న రెండు చివర్ల మధ్య రెక్క మెలిక పడకుండా తెగుతుంది.

ఇంత శ్రద్ధగా కోసినా టెంప్లేటే తప్పయితే ఏం లాభం? ఇంటి ప్రింటర్‌లో ముద్రించేటప్పుడు కాగితానికి సరిపోయేలా బొమ్మను కుదించే ఏర్పాటు చాలాసార్లు దానంతట అదే పనిచేస్తుంది. నూటికి 97 వంతులకు కుదించిందనుకోండి, మీటరు ఉండవలసిన రెక్క వెడల్పు 97 సెంటీమీటర్లే వస్తుంది. కంటికి ఆ తేడా తెలియదు, ఎందుకంటే ఆకారం అచ్చం అలాగే ఉంటుంది. పాత కాగితం చెమ్మకు సాగి ఉండవచ్చు. స్కాన్ చేసే యంత్రం నిలువునా ఒక రకంగా, అడ్డంగా ఒక రకంగా సాగదీసి ఉండవచ్చు. అందుకే ప్రతి షీటు మీదా నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి, "ఈ గీత సరిగ్గా 10 అంగుళాలు ఉండాలి" అని రాసిన పరీక్ష గీతలు ఉండి తీరాలి. కట్టేవాడు ఉక్కు స్కేలుతో ఆ గీత కొలిచాకే కత్తెర పట్టాలి. ముక్కు దగ్గరి కనార్డ్, వెనక పెద్ద రెక్క కన్నా ముందుగా ఎత్తే శక్తిని కోల్పోయేలా ఈ విమానాన్ని రూపొందించారు. వేగం బాగా తగ్గినప్పుడు ముక్కు దానంతట అదే వాలి, విమానం తిరిగి వేగం అందుకునేది ఆ ఏర్పాటు వల్లే. రెక్కలు అమర్చే కోణంలో కొద్దిపాటి తేడా వచ్చినా, బరువు కేంద్రం హద్దు దాటి వెనక్కి జరిగినా ఆ వరస తారుమారు కావచ్చు. అప్పుడు పైలట్‌కు కోలుకునే దారి ఉండకపోవచ్చు.

తిరిగి గీయడంలోనూ ప్రమాదం ఉంది. వంకర గీతను కంప్యూటర్ నున్నగా చేసేస్తుంది. ఆ వంకర డిజైనరు కావాలని పెట్టినదో, పెన్ను జారినదో గీసేవాడికి తెలియదు. అందువల్ల తిరిగి గీసిన ప్రతి షీటు మీదా దేన్ని చూసి గీశారో, గీసినవారు కాక ఇంకెవరు సరిచూశారో రాసి ఉండాలి. సవరణ సంఖ్య, తేదీ మొత్తం కట్టకు ఒకచోట వేస్తే చాలదు, షీటు షీటుకూ వేయాలి. ఎందుకంటే వర్క్‌షాపు బల్ల మీదికి వచ్చేది కట్ట కాదు, విడి షీటు. రద్దయిన పాత షీట్లను తొలగించకుండా, వాటి మీద అడ్డంగా రద్దు అని ముద్రవేసి, ఎందుకు రద్దయిందో రాసి అక్కడే ఉంచాలి. పాత ప్లాన్‌తో కట్టిన విమానాలు ఇంకా ఎగురుతూనే ఉంటాయి, వాటి యజమానులకు ఆ చరిత్ర కావాలి. ఇంటర్‌నెట్‌లో ఒకసారి పెట్టిన ఫైలును వెనక్కి తీసుకోలేం, అది చేతులు మారుతూ తిరుగుతూనే ఉంటుంది. కనుక తాజా ప్రతి ఎక్కడ దొరుకుతుందో కూడా ప్రతి షీటు అడుగున ఉండాలి.

ప్లాన్ నుంచి పక్కకు తప్పుకున్న మార్పును నమోదు చేయకపోతే ఏమవుతుందో తెలిపే విషాదం ఒకటి లాంగ్ ఈజీ చరిత్రలోనే ఉంది. ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో, పసిఫిక్ గ్రోవ్ దగ్గర, తాను కొత్తగా కొనుక్కున్న లాంగ్ ఈజీ సముద్రంలో కూలి మరణించారు. ఆ విమానాన్ని కట్టింది వేరొకరు. ఏ ట్యాంకు నుంచి ఇంధనం తీసుకోవాలో మార్చే హ్యాండిల్ ప్లాన్ ప్రకారం పైలట్ కాళ్ల మధ్య, చేతికి అందే చోట ఉండాలి; కట్టినవారు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనకకు మార్చారు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో తెలిపే గుర్తులు దాని మీద లేవు. తిప్పడానికీ కష్టంగా ఉండేది. దాన్ని అందుకోవాలంటే సీట్లో వెనక్కి తిరగాలి; అలా తిరిగేటప్పుడు తెలియకుండానే కుడికాలు, విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ మీద నొక్కుకుంటుందని దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి దారితీసిన అంశాల్లో ఆ హ్యాండిల్‌ను అక్కడ పెట్టాలన్న నిర్ణయాన్ని కూడా అమెరికా రవాణా భద్రతా సంస్థ పేర్కొంది. కట్టినవారికి సొంతంగా మార్పు చేసే హక్కు అక్కడి చట్టం ఇచ్చింది. అయితే విమానం చేతులు మారినప్పుడు ఆ మార్పు వెంట రావలసిన హెచ్చరిక రాలేదు.

ఉమ్మడి ప్లాన్‌ను కాపాడేవాళ్లు ఇలాంటి మార్పులను ఎలా చూడాలన్నది చాలా కష్టమైన విషయం. ఒకరికి బాగా పనిచేసిన మార్పు అందరి ప్లాన్‌లోకీ ఎక్కకూడదు. పదేళ్లు ఎగిరినా ఒక విమానం అనుభవం ఒక విమానం అనుభవమే. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ విషయంలో గట్టి పద్ధతి పాటిస్తోంది. ఇంట్లో కట్టే విమానానికి మార్పు చేయదలిస్తే సంస్థ ఇంజినీర్లు లెక్కలు చూసి ఒప్పుకోవాలి, ఇన్‌స్పెక్టర్లు పని జరుగుతుండగా వచ్చి తనిఖీ చేస్తారు. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌లో అనుభవజ్ఞులైన సభ్యులు స్వచ్ఛందంగా కట్టేవారి షెడ్డుకు వెళ్లి పని చూసి సలహా ఇస్తారు. నిర్ణయం మాత్రం కట్టేవాడిదే. నా మటుకు నాకు బ్రిటన్ పద్ధతే నచ్చుతుంది. ప్లాన్‌ను ఇంటర్‌నెట్‌లో పెట్టేవారు కనీసం అందులోని సగం క్రమశిక్షణనైనా పాటించాలి: సరిచూసిన సవరణలు ప్లాన్‌లో ఉండాలి, మిగిలిన సలహాలు విడిగా, చెప్పినవారి బాధ్యత మీద, సరిచూడలేదన్న మాటతో సహా ఉండాలి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ రోజుకీ తమ ప్లాన్లు అమ్ముకుని, కొన్నవారికి ఏళ్ల తరబడి సలహాలిస్తూ జీవిస్తున్న డిజైనర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ప్లాన్‌ను స్కాన్ చేసి ఉచితంగా పంచడం దొంగతనమే. దానివల్ల నష్టపోయేది డిజైనరు ఒక్కడే కాదు. కొన్నవారి పేర్ల జాబితా ఆయన దగ్గర ఉంటుంది, ప్రమాదం తెలియగానే వాళ్లకు ఉత్తరం రాస్తాడు. దొంగ ప్రతి చూసి కట్టేవాడి పేరు ఆ జాబితాలో ఉండదు.

లాంగ్ ఈజీకీ మన దేశానికీ సంబంధం లేకపోలేదు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ 1987లో ఎగరేసిన తేలికపాటి కనార్డ్ పరిశోధక విమానం లాంగ్ ఈజీ ఆధారంగా కట్టినదే. ఫైబర్ గ్లాసుతో విమానం కట్టడంలో అక్కడ గడించిన అనుభవం 1993లో ఎగిరిన హంస శిక్షణ విమానానికి పునాది అయింది. అంటే ఒక ఇంటి విమానం ప్లాన్ మన ప్రభుత్వ పరిశోధన సంస్థకే పాఠం చెప్పింది. మన విద్యార్థులకు ఎందుకు చెప్పకూడదు?

మన దేశంలో ఇలాంటి విమానం కట్టి ఎగరేయడం తేలిక కాదు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి రెండూ ఉండాలి. ముంబయిలో తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ 2016లో దాన్ని ప్రదర్శించగా, రిజిస్ట్రేషన్ మరుసటి ఏడాది, ఎగరడానికి అనుమతి 2019లో దక్కాయి. ఆలస్యం మీద విమర్శలు వచ్చాయి. అయినా తనిఖీ లేకుండా ఎగరనివ్వమని నేను కోరను.

అనుమతుల కన్నా ముందు వచ్చే చిక్కు సామాగ్రి. అమెరికా ప్లాన్లన్నీ అంగుళాల్లో ఉంటాయి, బోల్టులు అక్కడి విమాన ప్రమాణాలవి. ప్లాన్‌లో పావు అంగుళం బోల్టు అని ఉంటే దాని మందం 6.35 మిల్లీమీటర్లు. మన హార్డ్‌వేర్ షాపులో దానికి దగ్గరగా దొరికేది 6 మిల్లీమీటర్లది. రంధ్రంలో అది మూడోవంతు మిల్లీమీటరుకు పైగా వదులుగా ఆడుతుంది; ఇంజను అదురుకు ఆ వదులు రోజురోజుకూ పెరుగుతుంది. విమాన బోల్టు తల మీద దాని లోహాన్ని తెలిపే గుర్తు ఉంటుంది. మర లేని నున్నని భాగం సరిగ్గా బిగించే పలకల మందానికి సరిపోయేలా ఎంచుకోవాలి, మర భాగం రంధ్రం లోపల ఆనకూడదు. కదిలే జాయింట్ల దగ్గర నట్టు వదులు కాకుండా పిన్ను వేయాలి. ఈ సంగతులు అమెరికా పాఠకుడికి తెలిసినవే అనుకుని ప్లాన్ వాటిని వివరించదు. మనవాడికి వివరించాలి. ఉమ్మడి ప్లాన్‌కు మన దేశం నుంచి చేర్చవలసినవి ఇలాంటివే: ఏ సామాగ్రికి ఇక్కడ సరైన ప్రత్యామ్నాయం ఉంది, దేనికి లేదు, దేన్ని ఎంత ఖరీదైనా తెప్పించుకోక తప్పదు అన్న పట్టిక. ఇన్నాళ్లూ తీసుకుంటూ వచ్చిన మనం తిరిగి ఇవ్వగలిగినదీ అదే.

పత్రికలకు నా విన్నపం చిన్నది. ఇకమీదట సొంత విమానం తయారుచేసిన యువకుడి గురించి వార్త రాసేటప్పుడు ఖర్చెంత, ఎన్నాళ్లు పట్టింది అన్నవాటితో పాటు, ఏ ప్లాన్, ఏ సవరణ దాకా పాటించారు, ఎవరు తనిఖీ చేశారు అని కూడా విలేకరులు అడగాలి. ఆ యువకుడి దగ్గర జవాబు లేకపోతే, ఎక్కడ దొరుకుతుందో వార్త చివర ఒక వాక్యం రాయాలి. అతన్ని చూసి మరో పదిమంది మొదలుపెడతారు కదా.

ఏరోనాటికల్ ఇంజినీరింగ్ విభాగాలున్న మన కళాశాలలకు కొంచెం పెద్ద విన్నపమే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కలే అలాంటివి చాలా ఉన్నాయి. ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటారు. ఒకరు చేసినదాన్నే మరొకరు మళ్లీ చేస్తారు. దానికి బదులు, యజమాని అనుమతితోనో హక్కుల చిక్కు లేకుండానో అందుబాటులో ఉన్న ఒక ప్లాన్‌ను తీసుకుని, ఒక్కో బృందం ఒక్కో అధ్యాయాన్ని అసలు డ్రాయింగుతో, ప్రచురితమైన సవరణలతో పోల్చి సరిచూడవచ్చు. బలాల లెక్కలు కట్టవచ్చు, దొరికిన తేడాలను ఆ ప్లాన్ కాపాడుతున్నవారికి పంపవచ్చు. పంపినది ఆమోదం పొందితే ప్రపంచంలో ఎక్కడో ఒక షెడ్డులో ఒకరి రెక్క సరిగ్గా వస్తుంది. అమెరికా విమాన పరిశ్రమలో పనిచేస్తున్న తెలుగు ఇంజినీర్లు తలుచుకుంటే ఈ బృందాలకు మార్గదర్శులు కాగలరు.

ఇక తెలుగు విషయం. ఫుల్‌సావంగి యువకుడి వంటి వెల్డర్, ఫిట్టర్ మన ఊళ్లలో కూడా ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఆంగ్లంలో ఉన్న సాంకేతిక పాఠం చదివే అలవాటు లేదు. మొత్తం ప్లాన్‌ను తెలుగులోకి తేవాలని నేను అనడం లేదు. అంత పెద్ద అనువాదం కొత్త తప్పులకు చోటివ్వవచ్చు. కానీ ఎగరవద్దు అన్న స్థాయి సవరణలను, సామాగ్రి జాగ్రత్తలను, నేల మీద ఇంజను పరీక్షించేటప్పుడు పాటించవలసిన నియమాలను, మూలంలోని సవరణ సంఖ్యతో సహా, బొమ్మలతో తెలుగులో తయారుచేసి ఐటీఐలకు ఇవ్వడం సాధ్యమైన పనే. ఏ కళాశాలైనా ఈ పనికి ముందుకొస్తే, డ్రాయింగులు సరిచూడటానికి, తెలుగు పాఠాన్ని మూలంతో పోల్చి చూడటానికి నేనూ, నాతో పనిచేసి విరమణ పొందిన మిత్రులు కొందరమూ ఏ ప్రతిఫలమూ ఆశించకుండా సిద్ధంగా ఉన్నాం. దయచేసి మీ పత్రిక ద్వారా ఈ సంగతి తెలియజేయగలరు.

భవదీయుడు,
విశ్రాంత విమాన నిర్వహణ ఇంజినీరు,
సికింద్రాబాద్